గాలి సోకలేదు, హాల్ టికెట్ ఆపారు

గుడివాడ టిడ్కో ఇళ్లల్లో మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. ఆ ఇంటి కుర్రోడు డిగ్రీ రెండో ఏడు. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి, సంచి మేకుకి తగిలించి, ఇక మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. రాత్రి లైటు తీసేశాక కూడా కళ్లు తెరుచుకునే ఉండేవాడు. పదకొండు రోజులు. వాళ్లమ్మ పనికి పోవడం మాని పక్కనే కూర్చుంది. చుట్టుపక్కల నలుగురూ నాలుగు మాటలన్నారు. చీకటి పడ్డాక కాలవ గట్టున తిరిగాడు, గాలి సోకిందన్నారు. ఎవరో ఏదో పెట్టించారన్నారు. ఒకరు తాయెత్తు కట్టించారు. ఇంకొకరు ప్రార్థనకి తీసుకెళ్తే నెత్తిన చెయ్యి పెట్టి దయ్యాన్ని గద్దించారు. ఆర్‌ఎంపీ వచ్చి నీరసమని రెండు సెలైన్లు ఎక్కించి ఆరొందలు పట్టుకెళ్లాడు.

మేం వెళ్లి కూర్చున్నాం. ఊరకే కూర్చున్నాం. చాలాసేపటికి ఒక్క ముక్క చెప్పాడు. "క్లాసులో అందరి ముందూ లేపి, మీ గవర్నమెంటు డబ్బులు పడలేదు, పడిందాకా నీకు హాల్ టికెట్ లేదు అన్నారన్నా. వెనకాలోళ్లు నవ్వారు."

గాలీ లేదు, దయ్యమూ లేదు. హాల్ టికెట్ ఆపారు.

మర్నాడు పదిమందిమి ఆ కాలేజీ ఆఫీసు ముందు బైఠాయించాం. ప్రభుత్వం మీకు బాకీ ఉంటే ప్రభుత్వాన్ని అడగండి, పిల్లోణ్ణి నిలబెట్టడమేంటని అడిగాం. గంటలో హాల్ టికెట్ చేతికొచ్చింది. గెలిచామనుకుని నినాదాలు ఇచ్చుకుంటూ ఇంటికొచ్చాం. కాని గెలుపు సగమే. హాల్ టికెట్ దిండు కింద పెట్టుకున్నా వాడికి నిద్ర పట్టలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు నిలవడం లేదన్నాడు. మూడో రోజు రాత్రి "నేను లేకపోతే అమ్మకి ఒక ఖర్చు తగ్గుద్ది గదన్నా" అన్నాడు. ఆ మాట విన్నాక మా చేతుల్లో ధర్నా, మెమొరాండం తప్ప ఇంకేమీ లేవని తెలిసొచ్చింది. మేం ఇది రాయడానికి కారణం ఆ మాటే.

మానసిక డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే వాళ్లమ్మ ఏడ్చింది. ఎందుకేడవదు? మన దగ్గర 'ఎర్రగడ్డ' అనే ఊరి పేరే తిట్టు. 'విశాఖ పంపించాలి' అన్నా తిట్టే. ఆ మాట బడ్డీకొట్టు దగ్గర ఒకసారి పడిందంటే చెల్లెలి సంబంధం కూడా తప్పిపోద్ది. చివరికి వెళ్లాం. డాక్టరు అరగంట మాట్లాడారు. ఇది డిప్రెషన్ అనే జబ్బు, తగ్గుద్ది, మందు పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పడుద్ది, మధ్యలో ఆపొద్దు, ఒంటరిగా వదలొద్దు అన్నారు. నెలకోసారి రమ్మన్నారు. వెళ్లిన ప్రతిసారీ వాళ్లమ్మకి ఒకరోజు కూలి పోయేది. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి ఫ్రీ బస్సు వచ్చింది కాబట్టి ఆమె వరకు పర్లేదు, కుర్రోడికి టికెట్టు కొనాలి. నాలుగు నెలలకి నిద్రొచ్చింది. ఒక సబ్జెక్టు పోయింది, మళ్లీ రాస్తాడు. బతికున్నాడు, చదువుతున్నాడు.

హాల్ టికెట్‌కి గంట పట్టింది. నిద్రకి నాలుగు నెలలు పట్టింది. ఈ రెండు లెక్కలూ కలిపి చూడాలని మేం అంటున్నాం.

ఎందుకంటే మనలో కొందరు మొదటి లెక్కే చూస్తారు. ఇదంతా కులం వల్ల, పేదరికం వల్ల, వ్యవస్థ మారితే మనసులూ బాగుపడతాయి, మందులూ మాకులూ పైవాళ్ల వేషాలు అంటారు. ఇంకొందరు రెండోదే చూస్తారు. వాళ్ల వ్యాపారం ఇప్పుడు జోరుగా ఉంది. కాలేజీకొక వ్యక్తిత్వ వికాస నిపుణుడు దిగి, మైకు పట్టుకుని, ఓటమి నీ ఆలోచనలోనే ఉంది, పాజిటివ్‌గా ఆలోచించు, కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చు అంటాడు. మా కుర్రోడు గాలి పీల్చడం మర్చిపోయి కాదు పడిపోయింది. కొడవలి వేటు పడ్డవాడికి కుట్లు వేయించాలి, వేటు వేసినవాడి మీద కేసూ పెట్టాలి. కేసు గెలిచేదాకా కుట్లు వద్దనేవాడూ మనవాడు కాదు. కుట్లు వేశాం గదా కేసెందుకనేవాడూ మనవాడు కాదు.

కులం ఎందుకు తెస్తారు, అందరి పిల్లలూ చచ్చిపోతున్నారుగా అంటారా? నిజమే. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లితే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 2023 ఏప్రిల్లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలొచ్చిన రెండు రోజుల్లో తొమ్మిదిమంది అని పేపర్లు రాశాయి. వాళ్లలో ఎవరిది ఏ కులమని అడిగి మేం ఏడవలేదు. 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు, 2023లో 13,892 మంది. ఇవి ఢిల్లీలో జాతీయ నేర నమోదు సంస్థ వేసిన లెక్కలు. ఆ పుస్తకంలో చనిపోయినవాడి వయసుకి గడి ఉంది, చదువుకి ఉంది, ఆదాయానికి ఉంది, పెళ్లయిందా లేదా అన్నదానికీ ఉంది. కులానికి గడి లేదు. అదే సంస్థ అచ్చేసే జైళ్ల లెక్కల పుస్తకం తీసి చూడండి. ఖైదీల్లో ఎస్సీలెందరు, ఎస్టీలెందరు, బీసీలెందరు అని వరసగా గడులున్నాయి. జైల్లో పడితే మన కులం దొరుకుద్ది. చదువుకుంటూ చచ్చిపోతే దొరకదు! కులం వల్ల కాదని అనేవాళ్లు ముందు ఆ గడి పెట్టి, లెక్క తీసి, అప్పుడు అనమనండి.

లెక్క లేదు గాని సాక్ష్యం లేకపోలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ ఎస్టీ వైద్య విద్యార్థుల్ని హాస్టల్లో ఎలా వేరుచేశారో, పరీక్షల్లో ఎలా చూశారో థోరట్ కమిటీ 2007లోనే రాసిపెట్టింది. 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తమిళనాడు నుంచి వచ్చిన సెంథిల్ కుమార్ చనిపోయాడు. పందులు మేపే కులం నుంచి ఫిజిక్సు పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు. అదే యూనివర్సిటీలో 2016 జనవరి 17న మన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల. ఏడు నెలల ఫెలోషిప్పు రాలేదు, హాస్టల్ నుంచి గెంటారు, గెంటేసిన అయిదుగురూ వేసుకున్న గుడారానికి వాళ్లే 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. 2019లో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీ. రోహిత్ తల్లీ పాయల్ తల్లీ కలిసి అదే ఏడు సుప్రీంకోర్టు మెట్లెక్కారు. డబ్బు ఆపడం, గది ఆపడం, గైడ్‌ని ఇవ్వకపోవడం, పదిమందిలో నవ్వడం. ఊళ్లో నీళ్లు ఆపినవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు.

ఊరంటే గుర్తొచ్చింది. 1991 ఆగస్టు 6న కృష్ణకి అవతల చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. గొడవ మొదలైంది ఎక్కడ? సినిమా హాల్లో. చదువుకున్న దళిత కుర్రోడి కాలు ముందు సీట్లో కూర్చున్నాయనకి తగిలింది. అప్పుడు పుట్టని పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. వాళ్లకి చుండూరు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. బస్సులో, క్లాసులో, క్యాంటీన్లో కాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చోవడం ఇంట్లోనే వచ్చేసుద్ది. 'నీ ర్యాంకెంత' అని అడిగితే తల దించుకోవడం మాత్రం కాలేజీలో నేర్పుతారు. రోజంతా, సంవత్సరమంతా కాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్న మనిషికి నడుం నొప్పొస్తే జబ్బంటారు. మనసు నొప్పొస్తే పిరికితనమంటారు.

ఇళ్లు చూడండి. 2023 జూన్లో గుడివాడ మల్లాయపాలెంలో 8,912 టిడ్కో ఇళ్లు ప్రారంభించారు. గుడిసె పోయి శ్లాబొచ్చింది, కాదనం. వాటిల్లో పేదోడికిచ్చేది మూడొందల చదరపుటడుగులు. అందులో అయిదుగురు. చదువుకునే పిల్ల ఎక్కడ చదవాలి? అది సరే, ఎక్కడ ఏడవాలి? బందరు చిలకలపూడి వైపు కవరింగు నగల పని ఇళ్లల్లోనే సాగుద్ది. తెల్లారుజామున గొలుసు పని చేసి, అన్నం మూట కట్టుకుని కాలేజీకొచ్చే ఆడపిల్లలు మాకు తెలుసు. క్లాసులో కునుకు పడితే 'శ్రద్ధ లేదు' అని రాస్తారు. ఆ పిల్లని రాత్రి ఎన్నింటికి పడుకున్నావమ్మా అని అడిగే మనిషి ఆ కాలేజీ మొత్తంలో ఒకరుండాలా అక్కర్లేదా?

దివిసీమ సంగతి ఇంకో రకం. 1977 నవంబరు 19న ఉప్పెన పదివేలమందిని పొట్టన పెట్టుకుంది. పోయినవాళ్లలో కూలీలు, మత్స్యకారులు, మన పల్లెలవాళ్లే ఎక్కువ. శవాలు లెక్కపెట్టారు, పశువుల్ని లెక్కపెట్టారు, తర్వాత ఇళ్లు కట్టించారు, తుపాను షెల్టర్లు కట్టించారు. ఆ రాత్రి చెట్టు పట్టుకుని బతికి, చేతిలో బిడ్డ జారిపోయిన తల్లిని నీకు నిద్ర పడుతుందా అని అడిగారా? అంత పెద్ద దెబ్బకే మనసు లెక్కలోకి రాకపోతే, హాల్ టికెట్ దెబ్బ ఏం లెక్కలోకొస్తుంది?

ఇప్పుడా దివిసీమకి ఇంకో పేరుంది. డీఎస్సీ కోచింగంటే అవనిగడ్డ. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో పిల్లలొచ్చి గదికి నలుగురైదుగురు దిగి చదువుతారు. వాళ్లు పిల్లలా? పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు. 2018లో డీఎస్సీ వేశారు. తర్వాత 2024లో ఒకటి వేసి రద్దు చేశారు. 2025 ఏప్రిల్లో 16,347 పోస్టులన్నారు. మధ్యలో ఏడేళ్లు. ఊళ్లో చెరుక్కి, వరికి కూలికెళ్లే తల్లిదండ్రులు నెలనెలా డబ్బు పంపారు, పండక్కి ఊరెళ్తే 'ఏరా, ఇంకా కోచింగేనా' అన్నారు. పండక్కి ఊరెళ్లడం మానేసినవాళ్లు మాకు తెలుసు. 1998 డీఎస్సీ రాసినవాళ్ల ఫైలు 2022లో కదిలింది, ఇరవై నాలుగేళ్లకి! రిటైరయ్యే వయసు దగ్గర పడ్డాక మొదటి జీతం. ఆ ఇరవై నాలుగేళ్లు ఆ మనిషి మనసులో ఏం జరిగిందో ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ ఉండదు.

ఇక మా తప్పు మేం చెప్పుకోవాలి, లేకపోతే ఇది రాయడం దండగ. మన సభల్లో చనిపోయిన విద్యార్థికి ఫ్లెక్సీ ఉంటది, పూలదండ ఉంటది, పాట ఉంటది. బతికుండి నలుగుతున్నవాడికి పక్కన కుర్చీ వెయ్యం. చదివే ప్రతి పిల్లోడికీ 'అంబేద్కరంతటోడివి కావాలి' అని చెప్పి, పేట మొత్తం బరువు ఆ పదిహేడేళ్ల భుజాల మీద పెడతాం. తప్పితే పేటంతా తప్పినట్టే. ఆ మాట ప్రేమతోనే అంటాం. ఫీజు కట్టమనే గుమస్తా ప్రేమతో అనడు, కాని రాత్రిపూట రెండు మాటలూ ఒకటే అయి వాడి గుండె మీద కూర్చుంటాయి. ఇంకొకటి. చనిపోయినవాణ్ణి వీరుణ్ణి చేస్తే బతికున్న వాడికి మనం ఏ దారి చూపిస్తున్నాం? రోహిత్‌ని తలుచుకోవాల్సింది అతను చేసిన పోరాటానికి. ఈ విషయంలో మాలో మాకే ఇంకా వాదన ఉంది, దాచుకోం.

సరే, చేతిలో ఏముంది? ఉంది, వాడట్లేదు అంతే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషికీ హక్కని దాని 18వ సెక్షను చెప్పుద్ది. పేదలకి, తెల్ల కార్డు ఉన్నా లేకపోయినా, పైసా తీసుకోకూడదు. చావబోయి బతికినవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుద్దని ఇప్పటికీ మన పల్లెల్లో భయం. ఆ భయంతో గంటలు పోగొట్టి మనిషిని పోగొట్టుకుంటున్నాం. ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని అనుకోవాలే గాని శిక్షించకూడదని 115వ సెక్షను చెప్పుద్ది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ పాత నేరమే లేదు. భయపడకుండా తీసుకెళ్లండి.

ఇంకా పెద్దది సుప్రీంకోర్టు తీర్పు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జులైలో పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి చనిపోయింది. వాళ్ల నాన్న దర్యాప్తు సరిగా లేదని హైకోర్టుకెళ్లాడు, అక్కడ కాదంటే సుప్రీంకోర్టుకెళ్లాడు. 2025 జులై 25న కోర్టు సీబీఐకి అప్పగించి, దేశం మొత్తానికీ పదిహేను ఆదేశాలిచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే చట్టం. వందమంది, ఆ పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టకూడదు, పదిమందిలో అవమానించకూడదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో వివక్ష లేకుండా ఎలా మెలగాలో సిబ్బందికి నేర్పాలి. కులం పేరుతో వేధిస్తే రహస్యంగా ఫిర్యాదు చేసే దారుండాలి. జిల్లాకొక పర్యవేక్షక కమిటీ, దానికి అధ్యక్షుడు కలెక్టరు.

హాస్టల్ మేడ మీదికి తాళం వెయ్యడం కూడా ఆ ఆదేశాల్లో ఉంది. వెయ్యండి, అదీ ప్రాణం కాపాడుద్ది. కాని తాళం వేసి, కౌన్సిలర్‌ని పెట్టకుండా, పీఈటీ మాస్టారికో లైబ్రేరియన్‌కో అదనపు బాధ్యత అని గోడకి బోర్డు తగిలిస్తే మేం ఒప్పుకోం. ఏ క్లర్కు హాల్ టికెట్ ఆపాడో ఆ క్లర్కు గది పక్కనే, మేనేజ్‌మెంటుకి చెవిలో ఊదే మనిషిని కౌన్సిలరని కూర్చోబెడితే అసలే ఒప్పుకోం. పిల్లలు చెప్పింది బయటికి పోకూడదు. ఆ కుర్చీలో మన పేటల నుంచి చదువుకున్నవాళ్లు కూర్చోవాలి. సైకాలజీ, సోషల్ వర్కు చదివి ఖాళీగా ఉన్న మన పిల్లలు లేరా?

బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. మెడికల్ కాలేజీ అన్నాక మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. ఆ విభాగం డాక్టర్లు వారానికొక రోజు గుడివాడ ఆస్పత్రికి, ఒక రోజు అవనిగడ్డ ఆస్పత్రికి వచ్చి కూర్చోవాలని మా డిమాండు. 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. పన్నెండు రాష్ట్రాలు తిరిగారు, అందులో ఆంధ్రప్రదేశ్ లేదు! తిరిగిన చోటల్లా మానసిక జబ్బులున్నవాళ్లలో నూటికి డెబ్బైమందికి పైగా వైద్యం అందడం లేదని తేలింది. తిరగని చోట ఎంతో మనం ఊహించుకోవాల్సిందే. డాక్టర్లు లేరంటారు. నాగాయలంక నుంచి, కోడూరు నుంచి పిల్లోణ్ణి తీసుకుని బస్సులు మారి తల్లి రాగలిగినప్పుడు, కారులో డాక్టరు రాలేరా?

చెయ్యాల్సింది రాస్తున్నాం. బందరు కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. ప్రతి పేట నుంచీ ఇద్దరు తల్లులు, ఇద్దరు విద్యార్థులు వెళ్లండి. ముఠాగా అరవడానికి కాదు, కాగితం మీద అడగడానికి. సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా కమిటీ వేశారా? అందులో ఎస్సీ ఎస్టీ సభ్యులెందరు? జిల్లాలో వందమంది దాటిన కాలేజీలు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు ఎన్ని, వాటిల్లో కౌన్సిలర్లున్నవి ఎన్ని, వాళ్ల చదువేంటి? ఫీజు బకాయి పేరుతో హాల్ టికెట్, సర్టిఫికెట్ ఆపిన కాలేజీ మీద ఏ చర్య తీసుకుంటారు? జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అదే కాగితం మళ్లీ పెట్టండి.

ఇంట్లో చెయ్యాల్సింది ఇంకోటి. ఫలితాలొచ్చే రోజు పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు. ఆ రోజు పేటకొకరు పనికి పోకుండా ఆగి, ఫోను చూసే ప్రతి పిల్ల పక్కనా కూర్చోవాలి. మాట తగ్గిన పిల్లల్ని, నిద్ర పోయిన పిల్లల్ని, 'నేను లేకపోతే' అన్న పిల్లల్ని ఎగతాళి చెయ్యొద్దు, తాయెత్తుతో సరిపెట్టొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుడుద్దనేది అబద్ధం. 14416కి ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చు. టెలి మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. గోడ మీద బొగ్గుతో రాసుకోండి.

అర్జీ నకలు, రశీదు నంబరు మాకు పంపండి. గుడివాడవి, బందరువి, దివివి వచ్చినవి వచ్చినట్టు ఇదే పేజీలో అచ్చేస్తాం. కాలేజీ పేరు రాయండి, పిల్లల పేర్లు రాయొద్దు.